‘బంజరు’ అంటే ఎవరి లెక్కలో బంజరు?

సోలార్ పార్కుల వార్తల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ‘నిరుపయోగంగా పడి ఉన్న బంజరు భూముల్లో’. ఈ బంజరు గురించి కాస్త మాట్లాడుకుందాం.

హిందీ, ఉర్దూల్లోని ‘బంజర్’ మన రెవెన్యూ రికార్డుల్లో బంజరై స్థిరపడింది. మనకు బీడు అనే మాట కూడా ఉంది. రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తున్నాం గానీ, వాడుకలో తేడా ఉంది. ‘ఈ ఏడు చేను బీడు పెట్టాం’ అంటే మళ్లీ దున్నుతామనే. ‘గొర్రెల్ని బీళ్లలోకి తోలారు’ అంటే అక్కడ మేత ఉందనే. ‘బంజరు పెట్టాం’ అని ఏ రైతూ అనడు. బీడు నేలను చూసి పుట్టిన మాట, బంజరు శిస్తు రాని లెక్క చూసి నిలిచిన మాట అని నా అభిప్రాయం.

ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. 2019లో వచ్చిన జాతీయ బంజరు భూముల అట్లాస్ ప్రకారం దేశంలో దాదాపు 17 శాతం నేల బంజరే. దట్టంగా పొదలున్న నేల కూడా అందులో ఒక రకం! నక్కలు, కుందేళ్లు, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలు బతికేది అలాంటి చోటే. బట్టమేక పిట్టనే (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూడండి. చదునైన గడ్డినేల మీద, సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. కళ్లు పక్కలకు ఉండటంతో, సోలార్ పార్కుల నుంచి వచ్చే కరెంటు తీగ ఎదురుగా ఉన్నా సరిగా కనబడదు, కనబడినా ఆ బరువైన ఒళ్లు చటుక్కున పక్కకు తిరగదు. దేశంలో మిగిలినవి సుమారు 150. దీని కోసమే 1988లో, ఇప్పటి నంద్యాల జిల్లాలో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది.

వ్యాఖ్య: పోరంబోకు సంగతీ రాయండి సార్. మా తాతగారు ‘మేత పోరంబోకు’ అనేవారు.

జవాబు: మంచి మాట గుర్తు చేశారండీ. తమిళంలో ‘పుఱం’ అంటే బయట. శిస్తు లెక్కకు బయట ఉంచిన, ఊరందరికీ చెందిన నేల అది: చెరువు, వాగు, మేత బయలు. అందరిదీ అయిన నేల పేరు చివరికి తిట్టయి కూర్చుంది. నాకు చాలా బాధగా ఉంటుంది.

వ్యాఖ్య: అయితే సోలార్ వద్దంటారా? బొగ్గు కంటే నయమే కదా అన్నా?

జవాబు: ముమ్మాటికీ కావాలి తమ్ముడూ. ఎక్కడ, ఎలా అన్నదే నా పట్టింపు. సోలార్ ఫలకల ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ జాబితాలో లేవు. కాబట్టి కాగితం మీద ‘బంజరు’ అని ఉంటే, అక్కడ ఏం బతుకుతోందని అడిగే సందర్భమే రాకపోవచ్చు. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక తిరిగే చోట తీగలు భూమిలోంచి వేయమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2024లో సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఇళ్ల కప్పులున్నాయి, జలాశయాలున్నాయి. రామగుండంలో నీటిమీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022 నుంచి పనిచేస్తోంది. నేల మీదే కట్టాల్సి వస్తే గడ్డిని చెక్కేయకుండా, కంచె కింద చిన్న జంతువులు దూరేంత సందు వదిలి కట్టొచ్చు.

పత్రికల్లో రాసేవాళ్లు ఈ గుంపులో చాలామంది ఉన్నారు. గడ్డి, పొదలు ఉన్న నేలకు ‘బంజరు’ బదులు ‘పచ్చిక బీడు’ అని రాస్తే ఎలా ఉంటుంది? మీ వైపు వాడే మాట వేరే ఉంటే, ఏ జిల్లాదో కూడా రాయండి.