అప్‌డేట్: థీసిస్‌లో భూతకాలమా, వర్తమానమా?

వరి నేలల మీద ఇంగ్లీషులో రాస్తున్న థీసిస్ మొత్తం ఏ కాలంలో ఉండాలని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. ఒకే కాలాన్ని పట్టుకుని వేలాడనక్కరలేదని మీరు చెప్పినదే మా గైడుగారూ అన్నారు. నమూనాల సేకరణ, పరీక్షలు, ఫలితాలు భూతకాలంలోకి మార్చాను. నీరు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ తగ్గుతుంది వంటి స్థిరసత్యాలు, ‘టేబుల్ 2 షోస్’ వంటివి వర్తమానంలోనే ఉంచాను.

అసలు తలనొప్పి పూర్వ పరిశోధనల అధ్యాయం. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి రచనా నియమాల) పద్ధతిలో అక్కడ ‘ఫౌండ్’ అనో ‘హావ్ ఫౌండ్’ అనో రాయాలి. సాహిత్యం చదివే మా చెల్లెలు మాత్రం 400 ఏళ్ల నాటి నాటకం గురించి కూడా హాయిగా వర్తమానంలో రాసేస్తోంది!

ఇక చర్చ అధ్యాయం మిగిలింది. ‘దిగుబడి పెరిగింది, దీన్నిబట్టి ఈ మోతాదు సరిపోతుందని తెలుస్తోంది’ అన్నట్టు ఒకే వాక్యంలో రెండు కాలాలూ వస్తున్నాయి. గైడుగారు అలాగే ఉంచమన్నారు.