పాత ఇల్లు, పై అంతస్తు: కిటికీలు మార్చాలా, స్లాబు సంగతి చూడాలా?

పైఅంతస్తు:
అందరికీ నమస్కారం. మాది పాతికేళ్ల కిందట కట్టిన ఇల్లు, పై అంతస్తులో ఉంటున్నాం. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా పడకగదిలో ఒకటే ఉక్క. ఏసీ వేస్తే గది చల్లబడటానికి గంట పైనే పడుతోంది, ఆపిన పది నిమిషాలకే మళ్లీ మామూలే, ఇక కరెంటు బిల్లు చూస్తే టెన్షన్. ఒక కాంట్రాక్టర్ వచ్చి కిటికీలన్నీ పీకేసి డబుల్ గ్లాస్ పెట్టించమన్నాడు, మా ఆవిడేమో ఇంకా పెద్ద ఏసీ కొందామంటోంది. రెండూ చేసే స్తోమత లేదు. పాత ఇంటికి ఇలాంటి పనులు చేయించుకున్నవాళ్లు దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

తెల్లడాబా:
కిటికీల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఈ రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి, తర్వాత అదే చెయ్యి గోడకి ఆనించండి. మా ఇంట్లో గోడ మామూలుగానే ఉంది, సీలింగ్ మాత్రం జ్వరమొచ్చిన నుదురులా కాలిపోతోంది. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది, అందుకే పొద్దు గూకాక అసలు బాధ మొదలవుతుంది. మీ ఏసీ కుస్తీ పడుతున్నది ఆ కాంక్రీటుతో. పెద్ద ఏసీ కొంటే పహిల్వాన్ మారతాడు, కుస్తీ ఆగదు.

మేం తెల్ల కూల్ రూఫ్ పూత వేయించాం. బూడిదరంగు కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో సగానికి పైగా పీల్చేసుకుంటుంది, కొత్తగా వేసిన మంచి తెల్ల పూత 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మొదటి వేసవిలో తేడా బాగా తెలిసింది. రెండో ఏడాదికి దుమ్ము, నాచు పట్టి మాసిపోయింది, కడగడానికి నేనే బద్ధకించాను. ఇంకో తప్పు కూడా చేశాం, పగుళ్లు పూడ్చకుండా వేయించేశాం, వానలకి ఒక మూల పూత పొట్టులా లేచిపోయింది.

గళ్ళచొక్కా:
పూత మంచిదే. డబ్బు ఉంటే ఇంకో మెట్టు ఉంది, స్లాబు పైన ఎక్స్‌పీఎస్ షీట్లు, అంటే వేడిని ఆపే గట్టి నురుగు పలకలు, పరిచి దాని మీద సిమెంటు పొర వేయించడం. 50 మిల్లీమీటర్ల షీటు ఆపే వేడిని కాంక్రీటుతోనే ఆపాలంటే రెండు మీటర్లకు అటూఇటూగా మందం కావాలి! నమ్మబుద్ధి కాదు కానీ లెక్క అంతే. పాత స్లాబు కాబట్టి ఆ అదనపు బరువు మోస్తుందో లేదో ఇంజనీరుకి చూపించాకే దిగండి.

కిటికీల మాటకొస్తే, మామూలు డబుల్ గ్లాస్ నేరుగా పడే ఎండని పెద్దగా ఆపదు. బయట బాగా చలి ఉండే చోట దాని విలువ తెలుస్తుంది. మీకు పడమటి కిటికీకి బయటి నుంచి వెదురు తడక కట్టినా చాలు. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, గాజు దాటి వచ్చిన ఎండకి ఆ కర్టెనే వేడెక్కి మళ్లీ గదినే కాలుస్తుంది.

బూజుబాధితుడు:
ఇద్దరూ సందుల సంగతి మర్చిపోయారు. ఏసీ గదిలో ఫ్యాన్ ఆపి, తలుపు కింద, కిటికీ చట్రాల పక్కన వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి, పొగ వంగిన ప్రతిచోటా గాలి కారుతున్నట్టే. రబ్బరు పట్టీ అంటిస్తే చాలు, ఒక ఆదివారం పని. కానీ నాలా అతి చేయకండి. సందులన్నీ మూసేసి బాత్రూముకి ఎగ్జాస్ట్ పెట్టించలేదు, తేమ ఎటూ పోలేక బీరువా వెనక గోడంతా నల్ల బూజు. గ్యాస్ గీజర్, పొయ్యి ఉన్న చోట గాలి దారి అసలే మూయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాల మీదికి తెస్తుంది.

అన్నట్టు మీ ఫ్యాన్లు పాతవేనా? మామూలువి 75 వాట్లు లాగుతాయి, బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారువి, 30 చుట్టుపక్కలే.

పైఅంతస్తు:
రాత్రి స్టూలెక్కాను. తెల్లడాబా గారు, జ్వరమే! తమాషా ఏంటంటే పైన వాటర్ ట్యాంకు నీడ పడే చోట సీలింగ్ చల్లగా ఉంది, రెండడుగులు ఇవతల కాలిపోతోంది. మా ఆవిడ కూడా ఎక్కి చెయ్యి పెట్టి చూసింది, పొద్దున్నుంచి ఏసీ మాట ఎత్తలేదు. పగుళ్లు మాత్రం నాలుగైదు కనిపించాయి, ముందు అవి పూడ్పించి పూత వేయిస్తాను. పాత సున్నం గీకించాలా, దాని మీదే వేయొచ్చా?

తెల్లడాబా:
గీకించాల్సిందే. గీకించి, కడిగించి, బాగా ఆరాకే మొదటి కోటు.