‘రామభద్రుండట’లో సున్న పోయింది

అరసున్న:
పొద్దున్నుంచి ఒకటే పీకుతోంది. పోతన గారి ‘పలికెడిది భాగవతమట’ కందం రెండో పాదంలో ‘పలికించెడి విభుడు’ అనా, ‘పలికించెడివాడు’ అనా? మా నాన్న నేర్పింది ‘వాడు’. టైపు చేస్తూ ‘రామభద్రుం’ దగ్గర ఆగి వెనక్కి దిద్దబోయాను. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే సున్న ఒక్కటే పోయింది. కర్సరు ‘ద్రుం’ ముందు పెట్టి డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోయింది. ఒకే అక్షరానికి రెండు న్యాయాలేంటండీ?

కందాభిమాని:
ముందు పద్యం సంగతి. ‘చెడివా’ అన్నా ‘చెడివిభు’ అన్నా నాలుగు మాత్రలే, గణం నిలుస్తుంది. ఛందస్సు తీర్పు చెప్పదు. నా మటుకు విభుడే. కానీ ఆ సున్న పోతే మాత్రం కుదరదు. ‘భద్రుం’ రెండు గురువులు. ‘భద్రుడట నే’ అంటే పాదంలో ఒక మాత్ర తగ్గింది.

ప్రూఫుపాతకాపు:
రెండు న్యాయాలూ కావాలని పెట్టినవే. ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో ‘ద్రుం’కి ఐదు మీటలు: ద, పొల్లు, ర, కొమ్ము, సున్న. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లోనూ ఆ ఐదే. బ్యాక్‌స్పేస్ చెయ్యి కొట్టినదాన్ని ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటుంది. డిలీట్ కంటికి కనబడేదాన్ని తీసేస్తుంది. ‘లక్ష్మి’లో గుడిని దీర్ఘం చెయ్యడానికి ‘క్ష్మి’ అంతా మళ్లీ కొట్టాలంటే ప్రూఫులు దిద్దేవాళ్లు ఏమైపోవాలి?

వట్రసుడి:
అంటే బ్యాక్‌స్పేస్ వర్ణాన్ని, అంటే ఒక్క ధ్వనిని, డిలీట్ మొత్తం అక్షరాన్ని తుడుస్తాయన్నమాట. మన వ్యాకరణంలో ఉన్న తేడాయే!

ప్రూఫుపాతకాపు:
వర్ణం కాదమ్మా. ‘ద్రు’లో కొమ్ము తీస్తే ‘ద్ర’ వస్తుంది. ఆ అకారం ఎవరు కొట్టారు? పోయింది వర్ణమే అయితే పొల్లు మిగలాలి.

వట్రసుడి:
అకారం హల్లులోనే ఉంది మాస్టారూ. పలక మీద ‘కు’ రాసి చూడండి, తలకట్టు అలాగే ఉంటుంది.

కందాభిమాని:
మరి ‘కి’లో తలకట్టు ఏదీ?

డల్లాస్ కోడలు:
నన్ను ఏడిపించేది బాణం మీట. కొన్ని ప్రోగ్రాముల్లో ‘ద్రుం’ దాటడానికి రెండుసార్లు నొక్కాలి. మధ్యలో కర్సరు ఎక్కడ ఆగిందో కనబడదు, అక్కడ ఏదైనా కొడితే వత్తు విడిపోతుంది. పాత యూనికోడ్ నియమం ‘ద్’ ఒక ముక్క, ‘రుం’ ఒక ముక్క అని లెక్కపెట్టేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరం ఒకే ముక్క అయింది. ఇంకా పాత పద్ధతిలోనే నడిచేవి ఉన్నాయి.

ఇంకో బాధ చెప్పనా? నిన్న మా చాట్‌లో ఈ పద్యమే పెట్టబోయి రెండో పాదం చివర ఎంటర్ కొట్టాను. పాదం మారకుండా సగం పద్యం వెళ్లిపోయింది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలని తర్వాత తెలిసింది.

కందాభిమాని:
అయ్యో, సరిగ్గా ‘నే’ దగ్గర తెగిందా! ఆ ‘నే’ మూడో పాదంలోని ‘పలికిన’కి చెందింది. అయినా పోతన దాన్ని రామభద్రుడున్న పాదంలోనే ఉంచాడు. పలికించేవాడి పక్కనే, పాదం చివర, చిన్నగా తను. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

వట్రసుడి:
అది ఛందస్సు పెట్టిన ‘నే’ కాదా? ‘డట నే’ లేకపోతే ఎనిమిదో గణం ఎలా పూర్తవుతుంది?

కందాభిమాని:
గణం కోసం ఇంకేదైనా పెట్టొచ్చు తల్లీ. పోతన ‘నే’ పెట్టాడు.

అరసున్న:
మా నాన్న కూడా అక్కడ ఒక్క క్షణం ఆగేవారు. ఇప్పుడు ‘వాడు’ అనే టైపు చేశాను, రాముణ్ని ఆయన అంత చనువుగానే పిలిచేవారు. విభుడు అన్న పాఠం ఎవరి దగ్గరైనా పాత ముద్రణలో ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.

ప్రూఫుపాతకాపు:
పెడతాను. వట్రసుడి గారూ, ‘కి’లో తలకట్టు గుడిగా మారింది, పోలేదు. రేపు మళ్లీ మాట్లాడదాం.