బై-రెఫరెన్స్‌ను తెలుగులో 'అసలు' అందామా, 'చోటు' అందామా?

మిత్రులారా, నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. మెథడ్‌కు (పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాము ముక్కకు) మనమిచ్చేది అందుకునేది పరామితి. దానికి విలువను మాత్రమే పంపితే 'నకలు', మన చరరాశినే మెథడ్ మార్చగలిగేలా బై-రెఫరెన్స్‌గా పంపితే 'అసలు' అని ఇన్నాళ్లూ చెప్పాను. పహాణీ నకలు తెలిసిన ఇళ్ల పిల్లలు, వెంటనే పట్టుకున్నారు.

చిక్కు రిఫ్లెక్షన్ దగ్గర వచ్చింది. (దీన్ని దయచేసి 'పరావర్తనం' అనకండి, అది కాంతిది. ప్రోగ్రాము తన నిర్మాణాన్ని తానే చదువుకోవడం కనుక నేను 'స్వపరిశీలన' అంటున్నాను.) ఇంట్ (పూర్ణాంకం) రకంలో, అక్షరాల్లో ఉన్న అంకెలను సంఖ్యగా మార్చే ట్రైపార్స్ అనే మెథడ్ ఉంది. దాన్ని గెట్‌మెథడ్‌తో, అంటే పేరూ పరామితుల రకాలూ ఇచ్చి వెతకమన్నాను. అందరూ పరామితుల రకాలు స్ట్రింగ్ (అక్షరాల వరుస), ఇంట్ అని ఇచ్చారు. చేతికి వచ్చింది నల్, అంటే ఏమీ దొరకలేదు. రెండోది ఔట్ పరామితి, అంటే మెథడ్ తన జవాబు రాసే బై-రెఫరెన్స్ పరామితి. దాని రకం ఇంట్ కాదు, ఇంట్ మీద మేక్‌బైరెఫ్‌టైప్‌ను పిలిస్తే వచ్చే వేరే రకం. పేరు అచ్చు వేసి చూస్తే ఇంట్32 చివర & గుర్తు కనబడుతుంది.

అది సరిదిద్ది, దొరికిన మెథడ్‌ను ఇన్వోక్‌తో పిలిచారు. జవాబు రావలసిన 'ఫలితం' అనే చరరాశిలో ఇంకా సున్నాయే ఉంది. "అసలు పంపాం కదా మేడం, మారలేదెందుకు?" అని ఒక అమ్మాయి అడిగింది. నా మాటే ఆ పిల్లను తప్పుదారి పట్టించిందని బాధగా ఉంది.

జవాబు, దేవరకొండ నుంచి:
మేడం, బై-రెఫరెన్స్‌లో వెళ్లేది వస్తువు కాదు, అది ఉన్న చోటు. ఇన్వోక్‌కు మీరిచ్చింది ఒక అర్రే, అంటే విలువలుండే గడుల వరుస. 'ఫలితం' విలువ నకలై అందులోని రెండో గడిలో కూర్చుంది. మెథడ్‌కు దక్కిన చోటు ఆ గడే, జవాబు రాసిందీ అక్కడే. మట్టి పరీక్షకు సంచిలో తెచ్చిన మట్టిలో ఎరువు కలిపితే చెలకకు చేరదు, సంచిలోనే ఉంటుంది. పిలుపు ముగిశాక ఆ గడిలోంచి విలువను తీసుకోమనండి.

'చోటు' అంటే ఇంకో మేలు ఉంది. బై-రెఫరెన్స్ పరామితుల్లో రెఫ్ అంటే ముందే నిండిన చోటు, ఔట్ అంటే మెథడ్ నింపి తీరవలసిన చోటు. రకం రెండింటికీ ఒకటే. అందుకే రెఫ్, ఔట్ తేడా ఒక్కటే ఉన్న రెండు మెథడ్‌లను ఒకే క్లాసులో సీ షార్ప్ ఒప్పుకోదు.

మళ్లీ నేను:
ఒప్పుకున్నాను. 'నకలు' ఉంచి 'అసలు' తీసేస్తాను. అయితే 'స్థాన పరామితి' అని సంస్కృతీకరించవద్దు. వరుసలో ఎన్నో స్థానమో చెప్పే మాటగా పిల్లలు పొరబడతారు. 'చోటు పరామితి' అనే రాస్తాను.