‘నేనే మార్గమును’, ‘ఏసేవ మగ్గో’: ఈ రెండు వాక్యాలకు నిజంగా పొసగదా?

సభ్యులకు నమస్కారం. శాలిహుండం స్తూపాల ఫొటోల కింద ఒకరు ‘అన్ని దారులూ ఒక్కచోటికే’ అని రాయడం, దానికి శ్రీకాకుళం పాస్టరుగారొకరు యోహాను సువార్త 14:6ను జవాబుగా పెట్టడం, ఆపైన చర్చ ఎవరి మతం ఉదారమైనదన్న వైపు మళ్లడం అందరూ చూశారు. (ఆ కొండమీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారే.) నేను ఆ సువార్త వాక్యం, బుద్ధుని బోధల పాళీ గాథల సంకలనమైన ధమ్మపదంలోని ‘ఏసేవ మగ్గో’ (ఇదే దారి) అన్న వాక్యం, ఈ రెంటి వరకే మాట్లాడతాను.

‘నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు’ అని యేసు ఆ సువార్తలో అన్నచోట అవధారణార్థకమైన (‘ఇదే, వేరొకటి కాదు’ అని నొక్కిచెప్పే) ఏకారం రెండుసార్లు వచ్చింది. గ్రీకులో అటువంటి ప్రత్యయం లేకపోయినా, క్రియారూపంలోనే తెలిసిపోయే ‘నేను’ను విడిగా పలకడం వల్ల ఆ నొక్కు మూలంలోనూ ఉంది గనుక, అనువాదకులు లేనిది చేర్చారన్న ఆక్షేపణ నిలవదు. బౌద్ధంలో ఇంత పట్టుదల లేదన్న మాటా సరికాదు. ధమ్మపదం 273వ గాథ మార్గాలలో అష్టాంగమార్గం శ్రేష్ఠమని ఊరుకున్నా, మరుసటి గాథ ‘ఏసేవ మగ్గో నత్థఞ్ఞో దస్సనస్స విసుద్ధియా’, అనగా దర్శనవిశుద్ధికి (చూపు నిర్మలం కావడానికి) ఇదే దారి, మరొకటి లేదు అని తేల్చేస్తుంది.

అయితే దారి ఇదొక్కటే అని ఇద్దరు పట్టుబట్టినంత మాత్రాన తగవు పుట్టదు. చేరవలసిన చోటు ఒకటైతేనే పుడుతుంది. అక్కడ గమ్యం తండ్రి, ఇక్కడ దర్శనవిశుద్ధి. పైగా క్రీస్తు తానే మార్గమంటాడు. 276వ గాథ ‘తుమ్హేహి కిచ్చమాతప్పం అక్ఖాతారో తథాగతా’ అని, పూనిక మీదే, తథాగతులు (బుద్ధులు) దారి చెప్పేవారు మాత్రమే అంటుంది. అసలు విభేదం ఇంకా లోతున ఉంది: సృష్టికర్తను ఒప్పుకోని బౌద్ధానికి ‘తండ్రి’ అన్న గమ్యమే పొసగదు. 1873లో శ్రీలంకలోని పానదురలో గుణానంద భిక్షువు, క్రైస్తవబోధకుడు డేవిడ్ డి సిల్వా జనం ముందు వాదించుకున్నదీ ఆత్మ, సృష్టికర్తల గురించే.

అందువల్ల ‘అన్నీ ఒక్కచోటికే’ అనడం నా దృష్టిలో మర్యాదగా కనబడే తోసివేత. ఇద్దరి మాటనూ అది వినదు. 1965లో కాథలిక్ చర్చి రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాల గురించి చేసిన ప్రకటన బౌద్ధాన్ని పేరుపెట్టి తలచి, ఆ మతాలలో సత్యమూ పవిత్రమూ అయినదేదీ తాము తోసిపుచ్చబోమని చెబుతూనే, అదే భాగంలో యోహాను 14:6నూ ఉదహరించింది. రెంటినీ పక్కపక్కన ఉంచగలిగారు, ఏకారం మాత్రం వదులుకోలేదు.

గాథలోని ‘ఏసేవ’కు ‘ఏసో వ’ అనే పాఠాంతరం ఉంది. అర్థంలో తేడా లేదు.