రోజెన్‌జ్వైగ్ ధైర్యం గురించి కాదు, ఆయన ఆలోచన గురించి చెప్పగలరా?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు మోటార్ న్యూరాన్ జబ్బు. చేతులు ఆడవు, ఇప్పుడు మాట కూడా పోతోంది. తత్వశాస్త్రం అంటే ప్రాణం పెట్టే మనిషి. ఇదే జాతి జబ్బుతో ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ అనే యూదు తత్వవేత్త ఏళ్ల తరబడి పనిచేశాడని విని, ఆయన గురించి చదివి వినిపించమన్నాడు. నాకు దొరికినవన్నీ ఆయన గుండెనిబ్బరాన్ని పొగిడే వ్యాసాలే. రెండోది సగంలో ఉండగానే అన్నయ్య చాలన్నట్టు కళ్లు మూసుకున్నాడు. తను తెలుసుకోవాలనుకుంటున్నది వేరు. ఈయన ఏం ఆలోచించాడు? జబ్బు వచ్చాక ఆ ఆలోచన నిలబడిందా? తెలిసినవారు రాస్తే తనకు చదివి వినిపిస్తాను.

రాజమండ్రి మాస్టారు:

అమ్మా, మీ అన్నయ్యగారు అడగవలసిందే అడిగారు. ఆయన ప్రధాన గ్రంథం ‘విమోచన నక్షత్రం’ జబ్బుకు ముందే పూర్తయింది. ఆ వ్యాసాలు రాసేవారు ఈ సంగతిని పట్టించుకోరు.

1886లో జర్మనీలోని కాసెల్‌లో పుట్టారు. ఇంట్లో యూదు ఆచారం నామమాత్రం. జర్మన్ తత్వవేత్త హెగెల్ రాజ్య సిద్ధాంతం మీద పరిశోధన చేశారు. 1913 జులైలో లైప్‌జిగ్‌లో యూజెన్ రోజెన్‌స్టాక్ అనే మిత్రుడితో రాత్రి పొద్దుపోయేదాకా వాదించి, క్రైస్తవం తీసుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ అక్టోబరులో మనసు మార్చుకుని యూదుడిగానే ఉండిపోయారు. బెర్లిన్‌లో ఒక చిన్న ప్రార్థనాలయంలో, యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం నాడు ఇది జరిగిందని చెప్పుకుంటారు. ఆయన ఉత్తరాలలో మాత్రం ఆ సన్నివేశం లేదు. తల్లి చెప్పిన మాటగా తర్వాత ప్రచారంలోకి వచ్చింది. ఉత్తరంలో ఉన్నది తర్కం: కుమారుడైన యేసు ద్వారా తప్ప ఎవరూ తండ్రి అయిన దేవుణ్ణి చేరలేరని క్రైస్తవం అంటుంది, సరే, మరి ఇప్పటికే తండ్రి దగ్గర ఉన్నవాడు కొత్తగా చేరవలసిన పనేముంది? నాకు ఆ కథ కంటే ఈ తర్కమే ముఖ్యం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయనను మాసిడోనియాకు పంపారు. విమానాలను కూల్చే ఫిరంగుల దళంలో ఉంటూ 1918 ఆగస్టులో పుస్తకం మొదలుపెట్టి, సైనిక పోస్టుకార్డుల మీద ముక్కలు ముక్కలుగా ఇంటికి పంపారు. అది 1921లో అచ్చయింది. ఆరంభమే చావు భయంతో. సమస్తం ఒక్కటే, దానికి చావు లేదు అని తత్వశాస్త్రం బుజ్జగిస్తుంది. కందకంలో నక్కి ఉన్న సైనికుడికి ఆ మాటతో ఏం పని? చచ్చేది సమస్తం కాదు, ఒక పేరూ ఇంటిపేరూ ఉన్న మనిషి. చావు జరిగిన ఇంట గీతాశ్లోకాలు వినిపిస్తూ ఆత్మకు మరణం లేదని ఓదార్చుకునే మనకు ఇది గట్టి ఎదురు ప్రశ్న. ఆ ఓదార్పును నేను తీసిపారేయను. అయితే మనిషి భయాన్ని భయంగా ఒప్పుకున్నాకే దేవుడి మాట ఎత్తాలన్న ఈయన పట్టుదల నాకు నిజాయితీగా తోస్తుంది.

దేవుడు, ప్రపంచం, మనిషి: ఈ మూడింటినీ ఒక్కటిగా కలిపేయడానికి ఆయన ఒప్పుకోరు. విడివిడిగా ఉన్నవే ఒకదానితో ఒకటి సంబంధంలోకి వస్తాయి. పుస్తకం నడిబొడ్డున బైబిల్లోని ప్రేమకావ్యం పరమగీతం ఉంది, ప్రేమ మరణమంత బలమైనదన్న మాట ఉంది. తనను ప్రేమించమని దేవుడు మనిషిని అడుగుతాడు, ఆ ప్రేమ పక్కనున్న మనిషి వైపు మళ్లాలి. మృత్యువుతో మొదలైన ఆ పుస్తకంలో చివరి మాట ‘జీవితంలోకి’.

అన్నంత పనీ చేశారు. విశ్వవిద్యాలయ కొలువు వద్దని, 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దవాళ్లు చదువుకునే స్వేచ్ఛా యూదు విద్యాలయం నడిపారు. 1922లో జబ్బు బయటపడింది. ఆ ఏడాది చివరికి రాత పోయింది, మరుసటి ఏడు మాట పోయింది. ప్రత్యేకంగా అమర్చిన టైప్‌రైటర్ మీద అక్షరాలు చూపించేవారు. తర్వాత భార్య ఎడిత్ అక్షరాలు వరసగా పలుకుతుంటే, కావలసినది రాగానే సైగ చేసేవారు.

మీ అన్నయ్యగారి రెండో ప్రశ్నకు నా జవాబు 1925 నాటి ‘నూతన ఆలోచన’ వ్యాసం. ఒంటరిగా ఆలోచించేవాడికి తన ముగింపు ముందే తెలుసు. సంభాషించేవాడికి ఎదుటి మనిషి ఏమంటాడో తెలియదు, అందుకే అతడికి కాలమూ కావాలి, తోడు మనిషీ కావాలి అంటారందులో. గొంతు పోయిన మనిషి సంభాషణ గురించి రాసిన వ్యాసం అది. నిలబడింది, అమ్మా. మరో యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్‌తో కలిసి హీబ్రూ బైబిలును జర్మన్‌లోకి తెచ్చే పని కూడా ఆ ఏడే మొదలుపెట్టి, 1929 డిసెంబరులో కన్నుమూసేదాకా సాగించారు.

ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగువాడు:

మాస్టారి జవాబుకు చిన్న చేర్పు. 1921లో ఆయన ఆరోగ్యవంతమైన బుద్ధి, జబ్బుపడిన బుద్ధి గురించి ఒక చిన్న పుస్తకం రాసి, అచ్చు వేయకుండా ఆపేశారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు వెలువడింది. వస్తువుల అసలు సారం ఏమిటా అని తవ్వుకుంటూ పోయిన తత్వవేత్తకు పక్షవాతం వస్తుంది. ఆరోగ్యాశ్రమంలో పెట్టి చికిత్స చేస్తారు. మరుసటి ఏడాదే ఆయనకు నిజంగా జబ్బు. ‘నక్షత్రం’ చాలా కఠినం కాబట్టి దీనితో మొదలుపెట్టవచ్చు. కాకపోతే ఆ పోలిక అన్నయ్యగారిని నొప్పించవచ్చు, ముందు ఆయననే అడగండి.

పల్నాటి పాఠకుడు:

తత్వం నాకు తెలియదు. మా నాన్నగారికి ఇదే జబ్బు వచ్చింది కాబట్టి ఒక్క మాట. తెలుగు అక్షరాలు ‘అ’ నుంచి వరసగా చదివితే రోగి అలసిపోతాడు. ముందు అచ్చా, హల్లా అని అడగండి. హల్లయితే క వర్గం, చ వర్గం అని వర్గాలు చెప్పండి. రెప్ప వేసిన చోట ఆగి అందులోని అక్షరాలు, తర్వాత గుణింతం. ఒత్తులు వదిలేసినా అర్థమవుతుంది. మాట సగంలో ఉండగా మీరే ఊహించి పూర్తి చేయకండి. నాన్నగారికి అన్నిటికంటే కోపం వచ్చింది అప్పుడే.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. మొత్తం చదివి వినిపించాను. వర్గాల పద్ధతి బాగా కుదిరింది. చిన్న పుస్తకమే ముందు కావాలన్నాడు. మాస్టారికి ఒక ప్రశ్న పంపాడు: “ప్రేమ గురించి అంత రాశాడు, మరి ఎడిత్ సంగతి?”

రాజమండ్రి మాస్టారు:

ఆ ప్రశ్న వేసినందుకు ఆయనకు నా నమస్కారం చెప్పండి. ‘నక్షత్రం’ రాసిన రోజుల్లో ఆయన ప్రేమ ఎడిత్ మీద కాదు, మిత్రుడు రోజెన్‌స్టాక్ భార్య మార్గ్రిట్ మీద. ఆమెకు రాసిన ఉత్తరాలు 2002లో అచ్చయ్యాయి. ఎడిత్‌తో పెళ్లి 1920లో జరిగింది. ఆమె ఆయన పోయాక, 1935లో, ఎర్న్‌స్ట్ సైమన్ సాయంతో ఆయన ఉత్తరాల సంపుటం తెచ్చింది. జబ్బులో సాగిన ఆ ఏడేళ్ల పని మీద ఆయన పేరు ఎంత ఉందో ఆమె పేరు కూడా అంతే ఉండాలని నా అభిప్రాయం.