పాప జన్యువ్యాధిపై పరిశోధనకు నిధులు సేకరించాలనుకుంటున్నాము, ముందుగా ఏం చేయాలి?

ప్రశ్న:
మా నాలుగేళ్ల పాపకు ఒకే ఒక్క జన్యువులోని మార్పు వల్ల వచ్చే అరుదైన నాడీవ్యాధి ఉన్నట్లు పరీక్షలో తేలింది. దీనికి ఇంతవరకు మందు లేదు. దీనిపై పనిచేస్తున్న ప్రయోగశాలలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బంధుమిత్రులు విరాళాలు పోగుచేస్తామంటున్నారు. ఆ డబ్బు ఏ పనికి ఇస్తే పరిశోధన నిజంగా ముందుకు సాగుతుందో, దాతలకు ఏమని చెప్పాలో మాకు పాలుపోవడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం:
విజ్ఞప్తి రాయడానికి ముందే ఇదే వ్యాధి ఉన్న ఇతర కుటుంబాలను వెతికి, అందరి వివరాలతో ఒక రిజిస్ట్రీ ఏర్పాటు చేయండి. మందు పనిచేసిందా లేదా అని తేల్చాలంటే, మందు లేనప్పుడు వ్యాధి ఏ వయసులో ఎలా ముదురుతుందో తెలిసి ఉండాలి. రోగులు కొద్దిమందే ఉన్న వ్యాధుల్లో పోలికకు చాలాసార్లు ఆ సమాచారమే ఆధారం. మేము మా బాబు నేల మీద నుంచి లేచి నిలబడడాన్ని ప్రతి నెలా అదే గదిలో, అదే కోణం నుంచి వీడియో తీస్తాము. మూర్ఛ వచ్చిన ప్రతిసారీ అది ఎంతసేపు ఉన్నదో రాసిపెడతాము. దీనికి పెద్దగా ఖర్చు లేదు, కానీ తరువాత ఎంత డబ్బు పోసినా గడిచిపోయిన నెలల వివరాలు దొరకవు.

పిల్లలకు చిన్న వయసులోనే ముసలితనం లక్షణాలు తెచ్చే అరుదైన జన్యువ్యాధి ప్రొజీరియా చరిత్ర చూడండి. ఆ వ్యాధి ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులు, బంధువులు కలిసి 1999లో ఒక సంస్థను స్థాపించి, రిజిస్ట్రీని, కణాల బ్యాంకును నెలకొల్పారు. కారణమైన ఎల్‌ఎమ్‌ఎన్‌ఏ జన్యుమార్పు 2003లో బయటపడింది. మొదట క్యాన్సర్ కోసం రూపొందించిన లోనాఫార్నిబ్‌కు ప్రొజీరియా మందుగా అమెరికాలో అనుమతి లభించింది 2020లో.

రెండో సమాధానం:
నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. పై ఉదాహరణలో గమనించవలసినది, ఆ మందు అప్పటికే ఉన్నదన్న విషయం. అందువల్ల మీ తొలి నిధులతో పాప చర్మం నుంచి కణాలు తీసి పెంచి భద్రపరచడం, అందుబాటులో ఉన్న మందులను వాటిపై పరీక్షించడం వంటి పనులు చేయించడం మంచిదని నా అభిప్రాయం. మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకండి. ఏ ఫలితం వచ్చాక ఏ విడత విడుదల చేస్తారో, ఫలితాలను, కణాలను ఇతర పరిశోధకులతో పంచుకుంటారో లేదో ఒప్పందంలో రాయించుకోండి. సంస్థాగత ఖర్చుల పేరిట విశ్వవిద్యాలయం ఎంత శాతం మినహాయించుకుంటుందో కూడా ముందే అడగండి.

మూడో సమాధానం:
దాతలకు పాప నయమవుతుందని మాట ఇవ్వకండి. బాటెన్ వ్యాధి (పిల్లల నాడీవ్యవస్థను క్రమంగా దెబ్బతీసే జన్యువ్యాధి) ఉన్న ఒక్క బిడ్డ కోసమే రూపొందించిన మిలాసెన్ అనే మందును 2018లో ఇవ్వడం మొదలుపెట్టారు. మూర్ఛలు తగ్గాయి గానీ వ్యాధి ఆగలేదు. అంత వేగంగా జరిగిన ప్రయత్నంలోనూ ఆ బిడ్డ దక్కలేదు. ఆ పని వల్ల, ఒక్కరి కోసం కూడా మందు తయారుచేయవచ్చని తేలింది. కాబట్టి ఈ డబ్బు పరిశోధనకని, ఫలితం మీ పాపకు అందకపోవచ్చని, తరువాత పుట్టే పిల్లలకు అందవచ్చని స్పష్టంగా రాయండి. పాప వైద్యఖర్చులకు వచ్చే సొమ్మును వేరే ఖాతాలో ఉంచి, రెండింటి లెక్కలూ విడివిడిగా దాతలకు పంపండి.

అడిగినవారు:
రిజిస్ట్రీతోనే మొదలుపెడతాము. మరో రెండు కుటుంబాల ఆచూకీ మా జన్యు సలహాదారు ద్వారా తెలిసింది. వారి అంగీకారం తీసుకున్న తరువాతే విజ్ఞప్తి రాస్తాము.